మైనస్ తొంభై అంటే ఎటు?

బాలానగర్‌లో నేను పనిచేసిన ఒక షాపులో పంపు బాడీలకు నాలుగు వైపులా రంధ్రాలు వేసే జాబ్ ఒకటి రెండేళ్లపాటు ఏ గొడవా లేకుండా నడిచింది. ఆర్డరు పెరగడంతో ఇంకో మెషినింగ్ సెంటర్ కొన్నారు. పాత ప్రోగ్రామే తీసి అందులోకి ఎక్కించాం. ముందు వైపు పని అయింది. టేబుల్ తొంభై డిగ్రీలు తిరిగింది, పక్క వైపు అయింది. నూట ఎనభైకి తిరిగింది, వెనక వైపు అయింది. ఇక మిగిలింది నాలుగో వైపు. ప్రోగ్రాంలో ఆ లైను ‘బి మైనస్ 90’ అని ఉంది. టేబుల్ వెనక్కి తిరిగి ఆగింది. డ్రిల్లు ముందుకొచ్చి, అప్పటికే ఫినిష్ చేసి పెట్టిన బోరు అంచును చీల్చుకుంటూ లోపలికి పోయింది.

“అన్నా, ఇది రెండో వైపే కదా! నాలుగోది రాకముందే ఆగిపోయిందేంది?” అన్నాడు ఆపరేటర్, ఎమర్జెన్సీ బటన్ మీద నుంచి చెయ్యి తీయకుండానే.

పాత మెషిన్‌కి మైనస్ 90 అంటే సున్నాకి అవతలి పక్క తొంభై డిగ్రీలు, అంటే 270. కొత్త మెషిన్‌కి అదే మాట ‘90 అనే చోటికి వెళ్లు, మైనస్ దిశలో తిరిగి వెళ్లు’ అని వినిపించింది. 180 దగ్గర ఉన్న టేబుల్ బుద్ధిగా మైనస్ దిశలో తిరిగి 90 దగ్గర ఆగింది. ఒక్క అలారం కూడా మోగలేదు. దాని లెక్కలో తప్పేమీ జరగలేదు మరి.

తిన్నగా కదిలే అక్షాలతో ఈ బాధ లేదు. ఎక్స్ 100 దగ్గర ఉన్న టేబుల్‌ని ఎక్స్ 40కి పొమ్మంటే ఉన్నది ఒక్కటే దారి. ఎక్కడికో చెబితే చాలు, ఎటో దానికదే తేలిపోతుంది. గుండ్రంగా తిరిగే దానికి అలా కాదు. గచ్చిబౌలి దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి శంషాబాద్ పోవాలంటే ఇటు తిరిగితే దగ్గర. అటు తిరిగినా చేరతారు, కాకపోతే 158 కిలోమీటర్ల చుట్టులో మిగిలినదంతా తిరిగి చేరతారు. చిరునామా ఒక్కటే, దార్లు రెండు. అందుకే తిరిగే అక్షానికి రెండు సంగతులు చెప్పాలి: ఎక్కడ ఆగాలో, ఎటు తిరిగి వెళ్లాలో. ప్రోగ్రాంలో మాత్రం మనం రాసేది ఒక్క అంకె, దాని ముందు ఒక గుర్తు. ఆ ఒక్కదానిలోంచి రెండు అర్థాలు లాగాల్సి రావడం దగ్గరే తంటా మొదలవుతుంది. ఒక్కో కంపెనీ కంట్రోల్ ఒక్కో రకంగా లాగుతుంది.

అసలు ప్లస్ దిశ అంటే ఏది? దీనికి ఐఎస్‌ఓ 841 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. ఎక్స్ చుట్టూ తిరిగే అక్షం ఏ, వై చుట్టూ తిరిగేది బి, జడ్ చుట్టూ తిరిగేది సి. పదో తరగతి ఫిజిక్స్‌లో కరెంటు తీగను కుడిచేత్తో పట్టుకున్న బొమ్మ గుర్తుందా? ఆ నియమమే ఇక్కడా. బొటనవేలిని అక్షం ప్లస్ దిశలో పెడితే మిగతా వేళ్లు ముడుచుకున్న దిశే తిరుగుడుకి ప్లస్.

ఇంతవరకు సులువే. కానీ ఆ ప్రమాణం రాసినవాళ్లు ఒక ఊహ మీద రాశారు. జాబ్ కదలదు, టూలే దాని చుట్టూ తిరుగుతుంది అనుకున్నారు. మన టేబుల్ మీద జరిగేది తలకిందులు. టూల్ ఉన్నచోటే ఉంటుంది, జాబ్ తిరుగుతుంది.

గుళ్లో ప్రదక్షిణం తలచుకోండి. తూర్పు వాకిలి దగ్గర మొదలుపెట్టి దక్షిణం గోడ, పడమటి గోడ, ఉత్తరం గోడ వరసగా చూస్తూ సవ్యంగా తిరుగుతాం. మోకాళ్ల నొప్పులున్న ఒక పెద్దాయన కోసం ఆయన్ని వాకిట్లో కూర్చోబెట్టి గర్భగుడినే తిప్పే ఏర్పాటు చేశారనుకోండి. ఆయనకు కూడా గోడలు అదే వరసలో కనబడాలి. అప్పుడు గుడి ఎటు తిరగాలి? తూర్పు తర్వాత దక్షిణం గోడ ఆయన ముందుకు రావాలంటే గుడి అపసవ్యంగా తిరగాలి. చూసేవాడికి కనబడే వరస ఒకటే, తిరుగుడు మాత్రం వ్యతిరేకం.

టేబుల్ సంగతీ ఇంతే. హారిజాంటల్ మెషిన్‌లో బొటనవేలు పైకి, అంటే వై ప్లస్ వైపు పెడితే, పైనుంచి చూసినప్పుడు వేళ్లు అపసవ్యంగా ముడుచుకుంటాయి. అది టూల్ తిరగాల్సిన దిశ. కాబట్టి ప్రమాణం ప్రకారం బి ప్లస్ అన్నప్పుడు టేబుల్ సవ్యంగా తిరగాలి. కొత్తగా చేరిన కుర్రాళ్లు కుడిచెయ్యి పట్టుకుని టేబుల్ వైపు చూసి, “సార్, మెషిన్ ఉల్టా తిరుగుతుంది” అని కంప్లయింటు తెస్తారు. వాళ్ల చెయ్యి సరైనదే, టేబుల్ కూడా సరైనదే. మధ్యలో గుడి తిరగడం ఒకటి మరిచిపోయారు.

వర్టికల్ మెషిన్ మీద విడిగా కొని బిగించే ఫోర్త్ యాక్సిస్‌తో ఇంకో చిక్కు. ఎక్కువమంది దాన్ని టేబుల్ కుడి చివర, చక్ ఎడమకి చూసేలా పెడతారు. కొన్నాళ్లకి ఏదో పెద్ద జాబ్ వస్తుంది, చోటు చాలదు, దాన్ని విప్పి ఎడమ చివర, చక్ కుడికి చూసేలా బిగిస్తారు. బోల్టులు బిగించడంతో పని అయిపోయిందనుకుంటారు. కానీ రోటరీ ముఖం తిప్పగానే దాని ప్లస్ మైనస్‌లు తారుమారయ్యాయి. పారామీటర్‌లో దిశ మార్చకుండా పాత ప్రోగ్రాం నడిపితే, నాలుగు వైపులా ఒకేలా ఉండే జాబ్ అయితే తేడా తెలియకుండా పోవచ్చు. మెలి తిరిగిన గాడి కోసే జాబ్ అయితే కుడి మెలికకు బదులు ఎడమ మెలిక వస్తుంది. కొలతలన్నీ డ్రాయింగ్‌లో ఉన్నట్టే ఉంటాయి, జాబ్ మాత్రం అద్దంలో ప్రతిబింబం. అలాంటి పీసుని చెత్తబుట్టలో వెయ్యడం తప్ప చేయగలిగింది లేదు.

ఆ మెలిక గాడి నుంచే ఈ కథంతా మొదలైంది కూడా. అమెరికాలో జోసెఫ్ బ్రౌన్ 1861-62 ప్రాంతంలో తయారుచేసిన యూనివర్సల్ మిల్లింగ్ మెషిన్, అప్పటిదాకా ఆకురాయితో చేత్తో అరగదీస్తున్న డ్రిల్లు బిట్ల మెలిక గాడిని యంత్రంతో కోయడానికి పుట్టింది. టేబుల్ ముందుకు కదులుతుంటే, గేర్ల వరస ద్వారా డివైడింగ్ హెడ్ కూడా జాబ్‌ని తిప్పేది. మెలిక అటు కావాలా ఇటు కావాలా అన్నది మధ్యలో ఇంకో ఐడ్లర్ గేరు పెట్టి తేల్చుకునేవారు. ఐటీఐ మెషినిస్టు ట్రేడు చదివినవాళ్లు డివైడింగ్ హెడ్ క్రాంకు నలభై చుట్లు తిప్పితే జాబ్ ఒక చుట్టు తిరగడం చేత్తో చేసి చూసే ఉంటారు. అప్పట్లో దిశ అంటే చేతికి తగిలే ఇనప చక్రం. ఇప్పుడది కంట్రోల్ మెమరీలో ఒకటో సున్నానో. పనికి తేలికే, కానీ కంటికి కనబడదు.

ఫానుక్ కంట్రోళ్లలో ఆ సున్నాలూ ఒకట్లూ ఉండే చోటు 1008వ పారామీటర్. అక్షం ఒక చుట్టు పూర్తి చేశాక 360 అని చూపాలా, మళ్లీ సున్నాకి రావాలా అన్నది అందులో ఒక బిట్టు తేలుస్తుంది. దీన్ని రోల్ ఓవర్ అంటారు. ఒక చుట్టు అంటే ఎంతో 1260వ పారామీటర్‌లో ఉంటుంది, మామూలుగా 360. రోల్ ఓవర్ పెట్టాక, ఒక చోటికి పొమ్మంటే దగ్గరి దారిన పోవాలా, అంకె ముందున్న గుర్తు చూసి పోవాలా అన్నది 1008లోనే ఇతర బిట్లు చెబుతాయి. గుర్తు చూసి పోయే పద్ధతిలో మైనస్ దిశకు, అంకె చిరునామాకు. మా పంపు బాడీ బోరు మీదికి వచ్చింది ఈ పద్ధతే. ఆ మెషిన్‌కి కావాల్సిన మాట ‘బి 270’. మైనస్ దిశలోనే పోవాలంటే ‘బి మైనస్ 270’. అది చదవగానే మామూలు మనిషికి ప్లస్ 90 అని తోస్తుంది. మెషిన్‌కి తోచదు.

సున్నా దగ్గర ఇంకా తమాషా. మైనస్ దిశలో తిరిగి సున్నాకి రమ్మనాలంటే ఏం రాయాలి? ‘మైనస్ సున్నా’ అంటే లెక్కల్లో ఉత్త సున్నానే. చాలా కంట్రోళ్లు ఆ మైనస్‌ని పట్టించుకోవు. అందుకే అనుభవం ఉన్న ప్రోగ్రామర్లు ‘మైనస్ 360’ అని రాస్తారు. చిరునామా అదే సున్నా, మైనస్ మాత్రం బతికుంటుంది.

ఈ విషయంలో నాకు సీమెన్స్ పద్ధతి నచ్చుతుంది. దిశనీ చిరునామానీ ఒకే అంకెలో కుక్కకుండా విడిగా మూడు మాటలు పెట్టారు. డీసీ అంటే దగ్గరి దారి, ఏసీపీ అంటే ప్లస్ దిశలో, ఏసీఎన్ అంటే మైనస్ దిశలో. బ్రాకెట్లో వెళ్లాల్సిన చోటు. చదివినవాడికి అనుమానం మిగలదు. హైడెన్‌హైన్ వాళ్లది మరో దారి. మామూలుగా రెండు అంకెల తేడా ఎంతుంటే అంత తిరుగుతుంది. 350 నుంచి 10కి పొమ్మంటే వెనక్కి 340 డిగ్రీలు చుట్టి వస్తుంది. ఎమ్126 అని ముందు రాస్తే దగ్గరి దారి పట్టి 20 డిగ్రీలు ముందుకు తిరిగి ఊరుకుంటుంది. ఇంకొన్ని మెషిన్లలో తయారీదారే దిశ కోసం విడిగా ఎమ్ కోడ్‌లు ఇస్తాడు. ఆ నంబర్లు మెషిన్‌ని బట్టి మారతాయి కాబట్టి ఒకచోట నేర్చుకున్నది ఇంకోచోట వాడకూడదు.

దగ్గరి దారి అన్నది వినడానికి ఎంత బాగున్నా దానికో గుంట ఉంది: సరిగ్గా 180. సున్నా నుంచి 180కి రెండు దార్లూ సమానం. కంట్రోల్ ఏదో ఒకటి ఎంచుకుంటుంది. సున్నాకి బదులు 0.001 దగ్గర ఉంటే ఒక పక్క దగ్గర, 359.999 దగ్గర ఉంటే రెండో పక్క దగ్గర. డిగ్రీలో వెయ్యో వంతు తేడాకి టేబుల్ పూర్తిగా ఎదురు దిక్కున తిరగొచ్చు. ఫిక్చర్‌కి పైనుంచి హైడ్రాలిక్ గొట్టాలు వేలాడుతుంటే ఒక దిక్కున తిరిగితే అవి వదులుగా ఉంటాయి, రెండో దిక్కున చుట్టుకుని బిగుసుకుంటాయి. రోటరీ జాయింటు ద్వారా నూనె పంపే ఫిక్చర్లకు ఈ బెంగ లేదు కానీ, చిన్న షాపుల్లో అందరికీ ఆ భాగ్యం ఉండదు.

గొట్టాలు లేకపోయినా ఆ 180 దగ్గర దిశ ముఖ్యమే. కారణం పళ్ల మధ్య సందు. చాలా రోటరీ టేబుళ్లని వర్మ్ గేరు తిప్పుతుంది. వర్మ్ పన్నుకీ చక్రం పన్నుకీ మధ్య పిసరంత ఖాళీ లేకపోతే అది తిరగదు, బిగుసుకుపోతుంది. ఉంటేనేమో దిశ మార్చినప్పుడల్లా వర్మ్ కొంచెం ఉత్తినే తిరిగి, ఆ తర్వాతే చక్రాన్ని పట్టుకుంటుంది. షాపులో దీన్ని ప్లే అంటారు. పాత సైకిలు పెడలు వెనక్కి తొక్కి మళ్లీ ముందుకు తొక్కినప్పుడు గొలుసు పట్టుకునేదాకా కాలు ఖాళీగా జారుతుందే, అలాంటిదే.

అది ఎంతుంటుంది, దానివల్ల ఏమవుతుంది? కోణంలో 20 సెకన్ల ప్లే ఉందనుకుందాం. ఒక డిగ్రీలో 3600 సెకన్లు కాబట్టి ఇది కంటికి ఆనేది కాదు. కానీ టేబుల్ మధ్య నుంచి 200 మిల్లీమీటర్ల దూరంలో ఉన్న బోరు దగ్గరికి వచ్చేసరికి అది 19 మైక్రాన్లు అవుతుంది. యాభై మిల్లీమీటర్ల బోరుకి మామూలుగా అడిగే హెచ్7 టాలరెన్సు మొత్తం 25 మైక్రాన్లు. ఒక వైపు నుంచి సగం బోరు తీసి, టేబుల్‌ని 180 తిప్పి, రెండో వైపు నుంచి మిగతా సగం తీసే గేర్‌బాక్సు జాబ్‌లో రెండు సగాలూ ఒకే గీత మీద కలవాలి. మొదటి సగం ప్లస్ దిశ నుంచి వచ్చి ఆగినప్పుడు కోసి, రెండోది మైనస్ దిశ నుంచి వచ్చి ఆగినప్పుడు కోస్తే ఆ ప్లే అంతా మెట్టుగా తేలుతుంది. డయల్ పెట్టి చూస్తే ముల్లు అక్కడే గెంతుతుంది. రెండుసార్లూ ఒకే దిశ నుంచి వచ్చి ఆగితే ప్లే ఉన్నా దాని ప్రభావం రెండు చోట్లా ఒకే పక్కకు ఉంటుంది, మెట్టు రాదు.

ఇది సీఎన్‌సీ వాళ్లు కనిపెట్టిన కిటుకు కాదు. లండన్‌లో జెస్సీ రామ్స్‌డెన్ అనే పరికరాల తయారీదారు 1770ల్లో నావికుల సెక్స్టంట్ల మీద డిగ్రీల గీతలు గీయడానికి ఒక విభజన యంత్రం కట్టాడు. 45 అంగుళాల వ్యాసం ఉన్న చక్రం, దాని అంచున 2160 పళ్లు, ఆ పళ్లలో కూర్చున్న ఒక స్క్రూ. స్క్రూ ఒక చుట్టు తిరిగితే చక్రం డిగ్రీలో ఆరో వంతు, అంటే 10 నిమిషాలు కదులుతుంది. కాలితో తొక్కితే స్క్రూ ముందుకు తిరిగేది. కాలు తీస్తే తొక్కుడు పలక వెనక్కి వచ్చేది కానీ, రాచెట్ ఉండటం వల్ల స్క్రూ వెనక్కి తిరిగేది కాదు. చక్రం ఎప్పుడూ ఒకే దిశలో, గానుగెద్దులా. సముద్రంలో ఓడ ఎక్కడుందో తేల్చే పరికరాల నిక్కచ్చితనం ఆ ఒకవైపు నడక మీద ఆధారపడింది. దాని వివరాలు 1777లో లండన్‌లో అచ్చయ్యాయి. యంత్రం ఇప్పుడు వాషింగ్టన్‌లో స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది.

టేబుల్ కిందే మోటారును నేరుగా అమర్చిన ఖరీదైన మెషిన్లలో మధ్యన గేర్లే ఉండవు కాబట్టి ప్లే కూడా ఉండదు. వర్మ్ ఉన్న వాటికి కంట్రోల్‌లో ప్లే సర్దుబాటు చేసే పారామీటర్ ఉంటుంది. కానీ చక్రం అన్నిచోట్లా ఒకేలా అరగదు. రోజూ 0, 90, 180, 270 దగ్గరే ఆగి కోతల దెబ్బ తినే చక్రం ఆ నాలుగు చోట్ల ఎక్కువ అరుగుతుంది. సర్దుబాటుకి ఇచ్చేది ఒకే అంకె. వాడకం అయిదేళ్లు దాటిన టేబుల్ మీద దాన్ని నమ్ముకోవడం కంటే ఒకే దిశలో వచ్చి ఆగే అలవాటుని నమ్ముకోవడం మేలని నా అభిప్రాయం.

ఆ అలవాటుని ప్రోగ్రాంలో పెట్టడానికి అన్నిటికంటే పాత దారి, కావాల్సిన చోటికి రెండు మూడు డిగ్రీలు వెనకే ఆపి, అక్కడి నుంచి మళ్లీ ముందుకు తేవడం. 180 కావాలంటే ముందు 177, తర్వాత 180. ఒక లైను ఎక్కువవుతుంది, రెండు సెకన్లు పోతాయి. దగ్గరి దారి పద్ధతి ఉన్న మెషిన్‌లో కూడా ఆఖరి కదలిక ఎప్పుడూ ప్లస్ దిశలోనే ఉంటుంది. 180 దగ్గరి తికమక కూడా పోతుంది, ఎందుకంటే సున్నా నుంచి 177కి దగ్గరి దారి ఒక్కటే.

రెండో దారి జీ91, అంటే ఉన్నచోటు నుంచి ఇంత తిరుగు అని చెప్పడం. ఇందులో మైనస్ అంటే మైనస్ దిశే, వాదన లేదు. కానీ ఏడు భాగాలు చేయాల్సిన జాబ్ వస్తే 360ని ఏడుతో భాగించాలి: 51.428571... మెషిన్ వెయ్యో వంతు దాకే తీసుకుంటుంది కాబట్టి 51.429 రాస్తాం. ఏడుసార్లు తిరిగేసరికి 360.003. మధ్యలో ఒక్కసారి కూడా, నేరుగా చిరునామా చెప్పే జీ90తో సున్నాకి తేకుండా రెండు వందల జాబ్‌లు నడిపితే 0.6 డిగ్రీ పక్కకి జరిగిపోతుంది. మొదటి పీసు ఇన్‌స్పెక్షన్‌లో పాసవుతుంది, సాయంత్రం పీసు ఫెయిలవుతుంది, ఎందుకో ఎవరికీ అర్థం కాదు.

మూడో దారి మాక్రో. ఫానుక్‌లో ముందటి లైను ముగిసినప్పుడు నాలుగో అక్షం ఎక్కడుందో 5004 నంబరు వేరియబుల్ చెబుతుంది. వెళ్లాల్సిన చోటు నుంచి దాన్ని తీసేసి, వచ్చింది సున్నాకి తక్కువగా ఉన్నంతసేపూ 360 కలుపుతూ, 360 దాటి ఉన్నంతసేపూ 360 తీసేస్తూ పోయి, చివరికి మిగిలినదాన్ని జీ91తో తిప్పాలి. ఎక్కడి నుంచి ఎక్కడికైనా టేబుల్ ప్లస్ దిశలోనే పోతుంది. పారామీటర్ ఎలా ఉన్నా పర్వాలేదు. ఎదురు దిశ కావాలంటే గుర్తులు తిప్పి రాసిన ఇంకో మాక్రో. ఇదొకటి రాసి పెట్టుకున్నవాళ్లకి మెషిన్ మారినప్పుడల్లా గుండె దడ ఉండదు.

ఎప్పుడూ ఒకే దిశ అన్నామని రోల్ ఓవర్ మరిచిపోకూడదు. పొడవాటి షాఫ్టు మీద మెలిక గాడి కోయడానికి అక్షం నలభై చుట్లు తిరిగిందనుకుందాం. రోల్ ఓవర్ లేని మెషిన్‌లో అది 14,400 డిగ్రీల దగ్గర ఉన్నట్టు. తర్వాతి లైన్లో ‘ఏ 0’ అని ఉంటే ఆ నలభై చుట్లూ వెనక్కి తిరుగుతుంది. నిమిషానికి ఇరవై చుట్ల టేబుల్ అయితే రెండు నిమిషాలు. రెండు వందల పీసులకి 400 నిమిషాలు, అంటే దాదాపు ఒక షిఫ్టు మొత్తం టేబుల్ ఉత్తి పుణ్యానికి తిరిగినట్టే. అలాగని పైకీ కిందికీ వంగే ట్రనియన్ లాంటి అక్షానికి రోల్ ఓవర్ పెట్టకూడదు. దానికి రెండు పక్కలా హద్దులుంటాయి, దగ్గరి దారి అని హద్దు దాటబోతుంది.

మా కొత్త మెషిన్ మీద పంపు బాడీ చెడిపోయిన మర్నాడు చేయాల్సింది, నిజానికి అంతకు ముందురోజే చేసి ఉండాల్సింది, అరగంట పని. మీ షాపులోకి కొత్త మెషిన్ వచ్చినా, పాత మెషిన్‌కి కంట్రోల్ మార్చినా, ఫోర్త్ యాక్సిస్ విప్పి బిగించినా ఇది చేయండి. టేబుల్ ఖాళీ చేయండి, టూల్‌ని పూర్తిగా వెనక్కి లాగండి, రాపిడ్ తగ్గించండి, సింగిల్ బ్లాక్ పెట్టండి. సున్నా నుంచి 90కి పంపండి. అక్కడి నుంచి 180కి, 180 నుంచి మైనస్ 90కి. తర్వాత 350కి పంపి, అక్కడి నుంచి 10కి. చివరగా సున్నాకి తెచ్చి 180కి. ప్రతిసారీ టేబుల్ ఎటు తిరిగిందో, ఎక్కడ ఆగిందో, స్క్రీన్ మీద ఏ అంకె చూపిందో కాగితం మీద రాయండి. ఫోన్‌లో వీడియో తీసుకుంటే తీసుకోండి కానీ, ఆ కాగితాన్ని మాత్రం ప్లాస్టిక్ కవర్లో పెట్టి కంట్రోల్ ప్యానెల్ పక్కనే అంటించండి. రాత్రి షిఫ్టు ఆపరేటర్‌కి మీ ఫోన్ దొరకదు.